పదిహేడో పళ్ళెం

తార్సిస్ గారు నన్ను మొదటిసారి "దుంపా" అని పిలిచినప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను. కొత్తగా చేరినదాన్ని, నవ్వకపోతే ముక్కు మీద కోపం అనుకుంటారని భయం. మొదటి రోజు నవ్వాను కాబట్టి రెండో రోజు ముఖం మాడ్చుకోవడానికి వీల్లేకపోయింది. అలా మూడేళ్ళు నవ్వాను.

మా పుట్టిల్లు ముగాంబ కొండల్లో. అక్కడి చలికి కాఫీ కాయదు, బంగాళాదుంపలే పండుతాయి. రుకెరె కొండ మీద ఇంటికి కోడలిగా వచ్చాకే నేను కాఫీ చెట్టు చూశాను. అయినా కయాంజ పట్నంలో కాఫీ కంపెనీవాళ్ళు ముక్కుల పరీక్ష పెట్టినప్పుడు రెండువందల మందిలో ఇద్దరం నెగ్గాం. రెండోవాడు నెల తిరక్కుండా పారిపోయాడు. నేను మిగిలాను, తార్సిస్ గారి దగ్గర.

మా వైపు కాఫీకి ఒక జబ్బుంది. చెట్టు మీద పండుని ఒక పురుగు కుడుతుంది. ఆ గాటు పడిన గింజలో పచ్చి బంగాళాదుంప వాసన పుడుతుంది. సూదిమొనంత మచ్చ కనబడితే కనబడుతుంది, చాలాసార్లు అదీ ఉండదు. వేయించి, పొడి చేసి, వేడినీళ్ళు పోశాకే బయటపడుతుంది. దుంపల ఊరి పిల్ల దుంప వాసన పట్టే పనిలో చేరిందని తార్సిస్ గారికి నవ్వు.

ఆయనది ముప్పై ఏళ్ళ అనుభవం. రుచిచూసే గదిలో ఆయన చెప్పిందే వేదం. ఉల్లిపాయ తిని రాకూడదు, వాసన సబ్బుతో స్నానం చేయకూడదు. చేరిన కొత్తలో ఒకసారి నా ఒంటి మీద సబ్బు వాసన వస్తోందని ఎవరో అంటే, "ఏ పెళ్ళికొచ్చావే?" అని వానలో వెనక్కి పంపేశారు. బల్ల దగ్గర మాట ఉండకూడదు. ఒక్కో సరుక్కి ఒక పళ్ళెం, పళ్ళేనికి ఐదు కప్పులు, పళ్ళెం ముందు నంబరే తప్ప పేరుండదు. ఏ నంబరు ఏ కొండదో మేనేజరు ఇమెల్డా మదాం బీరువాలో ఉన్న కాగితానికే తెలుసు. చెంచాతో తీసి, గట్టిగా జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, నూటికి ఇన్ని అని మార్కు రాసి జరగాలి. నేను ముందు నడవాలి, ఆయన వెనక వస్తారు. "చిన్నవాళ్ళు ముందు తప్పు చేయాలి, పెద్దవాళ్ళు వెనక దిద్దాలి" అనేవారు.

పక్కవాళ్ళకి తెలియకూడదు కాబట్టి ముఖం బండరాయిలా పెట్టుకోవాలని కూడా రూలుంది. నా ముఖం మాత్రం చెప్పిన మాట వినేది కాదు. దుంప వాసన తగిలితే పై పెదవి ఎడమ పక్క కొంచెం లేచేది. నడకకి తిట్టారు, జడకి తిట్టారు, చెంచా పట్టుకునే తీరుకి తిట్టారు. ఆ పెదవిని మాత్రం తార్సిస్ గారు ఏనాడూ ఏమీ అనలేదు.

నేను చేరిన మూడో ఏడు మార్చి రెండో వారంలో మొదటి సరుకు బల్లకెక్కింది. నాలుగో పళ్ళెం రెండో కప్పు మీద వంగానో లేదో, దుంప తొక్క తీసినప్పటి వాసన గుప్పుమంది. పెదవి లేచింది. రాసుకుని జరిగాను. వెనక ఆయన అదే కప్పు జుర్రి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడి, రాశారు.

అంతా అయ్యాక ఇమెల్డా మదాం వచ్చి అడిగింది. "ఏమంటారు తార్సిస్?"

"నాలుగులో రెండో కప్పు. దుంప."

"నీకూ తగిలిందా స్పెసియోజ్?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "దానికెందుకు తగలదు మదాం? ఉత్త నీళ్ళిచ్చినా దానికి దుంపే తగుల్తుంది. పుట్టిందే ఆ గోతంలో."

గింజలు వేయించే వాళ్ళు, కప్పులు కడిగే వాళ్ళు, అందరూ నవ్వారు. నాలుగో సరుకు వెనక్కి వెళ్ళింది. అదే మా పద్ధతి. మా దగ్గర దొరికితే సరుకు మళ్ళీ ఏరుడు బల్లలకి పోతుంది. ఆడవాళ్ళు మూటలు విప్పి గింజ గింజా ఏరి తిరిగి పంపుతారు. నడుంనొప్పి తప్ప ఎవరికీ నష్టం లేదు. కొనేవాళ్ళ నోట్లో దొరికితే మాత్రం ఆ కొండ పని అయిపోయినట్టే.

రుకెరెలో పళ్ళు వొలిచి, కడిగి, ఎండబెట్టే చోటుని మేం స్టేషన్ అంటాం. మా అత్తమ్మ గోదాన్స్ అక్కడ ఏరుడు బల్లకి పెద్ద. నలభైమంది ఆడవాళ్ళు ఆమె కనుసన్నలో పనిచేసేవారు. నా భర్త దియోమెద్ అక్కడే పళ్ళు తూకం వేసేవాడు. మాది చిన్న స్టేషన్. ఈ ఏడు కొనేవాళ్ళు మీ సరుకుని మొదటి రకంగా తీసుకుంటేనే ఉంచుతాం, లేదంటే మూసేస్తాం, పళ్ళు నది అవతలి స్టేషన్‌కి మోసుకెళ్ళండి అని కంపెనీ ముందే చెప్పింది. నది అవతలికి నెత్తిన బుట్టతో మూడు గంటల నడక. పండు అంతసేపు ఆగదు, పులుస్తుంది. అందుకే ఆ సీజను మా కొండ మీద ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

శనివారం ఇంటికి వెళ్తే అత్తమ్మ తన వేళ్ళు చూపించింది. తడి గింజల్ని తిప్పి తిప్పి కొసలు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"మా సరుకు నీ బల్ల మీదికొస్తే నీకు తెలుస్తుందా?"

"నంబరే ఉంటుందత్తమ్మా. తెలియదు."

"తెలియకపోవడమే మంచిదిలే. నీ ముక్కు ఎవర్నీ ఎరగనట్టే ఉండాలి." అని, పక్కింటామె వినేట్టు గొంతు పెంచింది. "కంపెనీవాళ్ళు రెండువందల మందిలోంచి ఏరుకున్న ముక్కు మరి."

ఊటనీళ్ళ దగ్గర, చర్చి మెట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ నా ముక్కు గురించి చెప్పుకునేది. దుంపా అని పిలిపించుకుని వచ్చిన వారానికి ఆ ఒక్క రోజు నాకు మందు.

ఏప్రిల్ వానల్లో ఒక పొద్దున డ్రైవర్ బోస్కో సరస్సు ఎండుచేపల సంచి ఒకటి తెచ్చి, తడవకుండా ఉంటుందని మా బల్ల కిందకి తోసేసి పోయాడు. నేను గదిలో అడుగుపెట్టేసరికి గుమ్మందాకా ఆ కంపే. వానకి నాకు ఆలస్యమై, తార్సిస్ గారు అప్పటికే బల్ల దగ్గర మొదలుపెట్టేశారు. మోకాలు సంచికి ఆనుతోంది. హాయిగా జుర్రి ఎనభైఆరు వేశారు. అప్పుడు తలెత్తి నన్ను చూశారు. ఆ కంపుకి నేను ముఖం చిట్లించుకుని ఉన్నాను. ఆయన కప్పు వంక చూశారు, మళ్ళీ నా వంక చూశారు. ఎనభైఆరు కొట్టేసి డెబ్బైఎనిమిది రాశారు.

కాసేపటికి ఇమెల్డా మదాం గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏంటీ కంపు?" అంది. అప్పుడు ఆయన "ఎవడ్రా ఇక్కడ చేపలు పెట్టింది?" అని గది అదిరేట్టు అరిచారు.

అప్పుడర్థమైంది నాకు. ఆ మనిషికి వాసన తెలియడం లేదు. మూడేళ్ళుగా నా వెనక నడుస్తూ, నా పెదవి చూసి మార్కులు వేస్తున్నారు. ఆ పెదవినే పెట్టుకుని బతుకుతూ, అదే నోటితో నన్ను దుంపా అంటున్నారు.

మర్నాడు ఇమెల్డా మదాం గదికి వెళ్ళాను. నేను మొదలుపెట్టకముందే ఆమె అంది. "తార్సిస్ గారి మీద ఫిర్యాదయితే వద్దు స్పెసియోజ్. నీకు అహం ఎక్కువని ఆయన ముందే చెప్పారు. ఆయన ముక్కు మీద ఈ కంపెనీ నిలబడింది. నేర్చుకో, కోపం తగ్గించుకో." ఇక ఆ ముక్కు సంగతి ఏమని చెప్తాను? సరే మదాం అని వచ్చేశాను.

మే నెలలో, పళ్ళు ముమ్మరంగా వచ్చే రోజుల్లో, కంపెనీ ఆవరణలో ఏరుడు బల్లల పెద్దలందరికీ అరటిపళ్ళ బీరు పోస్తారు. మధ్యలో పెద్ద కుండ, చుట్టూ మనుషులు, చేతుల్లో పొడుగాటి రెల్లు గొట్టాలు. అందరూ ఆ ఒక్క కుండలోంచే తాగాలి. గొట్టం చేతికిచ్చారంటే నువ్వు మాలో మనిషివని. ఇవ్వలేదంటే బంతిలోంచి లేపినట్టే.

ఆ ఆదివారం గొట్టాలు పంచింది తార్సిస్ గారు. అత్తమ్మకి వంగి రెండు చేతులతో ఇచ్చారు. నా దగ్గరికొచ్చి ఆగారు.

"నీకెందుకే దుంపా? నీకిదీ దుంపలు కడిగిన నీళ్ళలాగే ఉంటుంది. దండగ."

కుండ చుట్టూ నవ్వులు లేచాయి.

"నా కోడలండీ," అంది అత్తమ్మ మెల్లిగా.

"మీ కోడలా?" ఆయన నిజంగా జాలిపడుతున్నట్టు ముఖం పెట్టారు. "అయ్యో, నాకు తెలియదు గోదాన్స్. ఏమనుకోకండి. మనిషి మంచిదే, ముక్కే లేదు. వెనక నేను దిద్దుకుంటూ వస్తున్నాను కాబట్టి రోజులు గడుస్తున్నాయి. పిల్లనిచ్చేటప్పుడు వాళ్ళు చెప్పలేదా మీకు?"

ఈసారి నవ్వినవాళ్ళలో మా రుకెరె వాళ్ళు కూడా ఉన్నారు. ఎండుచేపల సంచి మాట నోటిదాకా వచ్చింది. కానీ కుండ దగ్గర పెద్దవాణ్ణి ఎదిరిస్తే తప్పు ఎప్పుడూ చిన్నవాళ్ళదే. నలుగురూ లేచి వెళ్ళిపోతారు, అత్తమ్మ తలెత్తుకోలేదు. నేనే తల దించుకుని నిలబడ్డాను. అత్తమ్మ తన గొట్టం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరిదాకా ఒక్క గుక్క తాగలేదు.

ఇంటిదారిలో ఆమె నాకంటే ముందు నడిచింది. వంతెన దాటాక అడిగింది.

"నిజం చెప్పమ్మా. నీకు ముక్కు లేదా?"

"ఉందత్తమ్మా."

"ఊఁ," అంది. నమ్మలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎవరి దగ్గరా నా ముక్కు గురించి ఎత్తలేదు.

మూడేళ్ళు ఆయన అన్నవన్నీ కడుపులో పెట్టుకున్నాను. ఆమె అనుమానం మాత్రం నాకు జీర్ణం కాలేదు.

సముద్రాల అవతలినుంచి కొనేవాళ్ళు బుధవారం వస్తున్నారు. వాళ్ళ ముందు పెట్టబోయే ఇరవై సరుకుల్ని మంగళవారం పొద్దున మేం చివరిసారి చూడాలి. రుకెరె సరుకు ఇంకా ఎండుతోంది, రెండో విడతలో వస్తుందని బోస్కో అన్నాడు. తన లారీలో రాలేదు కాబట్టి రాలేదనుకున్నాడు. వేరే బండిలో సోమవారమే వచ్చేసిందని వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

పదిహేడో పళ్ళెం మొదటి రెండు కప్పులూ ఎంత బావున్నాయంటే ఉమ్మబుద్ధి కాలేదు. మూడో కప్పులో దుంప. చెంచా దగ్గరికి రాకముందే తెలిసిపోయింది. పై పెదవి కదలబోయింది. లోపలినుంచి పంటితో నొక్కిపట్టాను. మంచి కాఫీ తగిలినప్పుడు నా కనుబొమలు కొంచెం పైకి లేస్తాయని నాకు తెలుసు. వాటిని లేపాను. నా కాగితం మీద ఎనభైఏడు వేసి జరిగాను.

వెనక జుర్రిన చప్పుడయింది. ఆయన చూపు నా చెంప మీద తెలుస్తూనే ఉంది. తర్వాత పెన్సిలు గీసిన చప్పుడు.

దొరికితే ఎవరో ఒకరి కొండ మునుగుతుందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది. ఎవరిదో కదా అనుకున్నాను.

"ఎలా ఉన్నాయి?" అంది ఇమెల్డా మదాం.

"పదిహేడు బంగారం మదాం. ఎనభైఎనిమిది. రేపు ముందు దాన్నే పెట్టండి, నా పూచీ."

ఆమె నా వైపు తిరిగింది. ఆ రోజు ఎందుకో నాకు వ్యవధి ఇచ్చింది కూడా. "నువ్వేమంటావు స్పెసియోజ్?"

"సార్ చెప్పిందే మదాం," అన్నాను.

బుధవారం వచ్చినవాళ్ళు ఇద్దరు. నెరిసిన జుట్టావిడ పదిహేడు దగ్గర రెండు కప్పులు జుర్రి తల ఊపింది. మూడో కప్పు జుర్రి ఆగింది. చెంచా బల్ల మీద పెట్టేసింది. పక్కనున్నాయన ఐదో కప్పు కూడా చూసి, రెండు కప్పుల్లో ఉందన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు. ఇమెల్డా మదాం ముఖం పాలిపోయింది.

"తార్సిస్, మీరొకసారి చూడండి."

ఆయన మూడో కప్పు మీద వంగి జుర్రారు. తల తిప్పి నా ముఖం కోసం వెతికారు. నేను కిటికీ వైపు చూస్తున్నాను. ఆయన ఇంకోసారి జుర్రారు.

"బాగుంది కదా," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ముసలివాడి గొంతు.

నెరిసిన జుట్టావిడ ఆయన్ని కాసేపు చూసి, కళ్ళు దించుకుంది. ఆమెకి అర్థమైపోయింది, గదిలో అందరికీ అర్థమైపోయింది. నాకు సంతోషం వేసింది. అదీ దాచను. మూడేళ్ళలో మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. ఈలోగా ఇమెల్డా మదాం బీరువా తెరిచి కాగితం బయటికి తీసింది.

"పదిహేడు," అని వేలితో వెతికింది. "రుకెరె."

నా ముఖాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. ఎవరూ చూడలేదు. చూసే ఒక్క మనిషీ తల దించుకుని ఉన్నారు.

ఆ మధ్యాహ్నం మదాం మా ఇద్దరి కాగితాలూ తెప్పించుకుంది. నా ఎనభైఏడు మీద వేలు పెట్టి, "నీకూ తెలియలేదా?" అంది. తెలియలేదన్నాను. ఇంకేం చెప్పను? తార్సిస్ గారిని ఆ వారమే ఇంటికి పంపేశారు. నన్ను మూటలు కుట్టే గదికి మార్చారు.

వెళ్ళే రోజు ఆయన గేటు దగ్గర నా కోసం ఆగారు. చేతిలో చెంచా గుడ్డలో చుట్టి ఉంది.

"పదిహేడు దగ్గర నీ ముఖం చూశాను," అన్నారు.

"చూశారు."

"ఎనిమిదేళ్ళ కిందట జ్వరమొచ్చింది. తగ్గాక అన్నం కూడా మట్టిలా ఉండేది. వస్తుందిలే అనుకుని, నీకు ముందున్నవాళ్ళ ముఖాలు చూసి నెట్టుకొచ్చాను." చెంచా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "నీ ముక్కెలాంటిదో నాకు మొదటి రోజే తెలుసు. నలుగురికీ తెలిస్తే నేనేం కావాలి?"

"అందుకని మా అత్తమ్మ ముందు అలా అంటారా?"

ఆయన చెంచా మీది గుడ్డ సర్దుకున్నారు. "పదిహేడు రుకెరెదని నాకు తెలియదు స్పెసియోజ్," అన్నారు. నా పేరు ఆయనకి తెలుసని నాకప్పుడే తెలిసింది. "నీకూ తెలియదు కదూ?"

తెలియదని తల ఊపాను. ఆయన నా వంక ఒక క్షణం చూసి, వెళ్ళిపోయారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననుకున్నాను.

జూన్ చివర్లో లారీ వచ్చి మా స్టేషన్ కాటాని, పళ్ళు వొలిచే మిషన్‌ని ఎక్కించుకుపోయింది. దియోమెద్ సరిహద్దు దాటి టాంజానియా చెరుకు తోటల్లో కూలికి వెళ్ళాడు. పండక్కి వస్తానన్నాడు. ఏ పండక్కో చెప్పలేదు. ఊటనీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అత్తమ్మని చూసి బిందెలు ఎత్తుకుని జరిగిపోయేవారు. ఒకామె మొహం మీదే అనేసింది. "నీ బల్ల మీంచే పోయింది గోదాన్స్. నలభైమంది పొట్ట కొట్టావు." అత్తమ్మ చర్చికి వెళ్ళడం మానేసింది.

ఒక సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని కూరకి చిక్కుడు గింజలు ఏరుతోంది. ఒక్కో గింజా వెలుగుకేసి పెట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి చూస్తోంది. మొదటి వాయి అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది.

"చాలు అత్తమ్మా. బాగానే ఉన్నాయి."

"బాగానే ఉన్నాయనే అనుకున్నా అప్పుడూ." ఇంకో గింజ తీసింది. "వేళ్ళు మొద్దుబారాయేమో. రాత్రంతా అదే ఆలోచన. ఏ మూటలో వదిలేశానో." ఆ గింజనీ తిప్పుతూనే అడిగింది. "ఆ పళ్ళెం నువ్వూ చూశావటగా?"

"చూశాను."

"నీకు తగల్లేదా?"

చేతిలో గింజ అలాగే పట్టుకుని నా కళ్ళలోకి చూసింది. తగిలిందంటే ఎందుకు చెప్పలేదో చెప్పాలి.

"లేదత్తమ్మా," అన్నాను. "తార్సిస్ గారు చెప్పింది నిజమే. నాకు ముక్కు లేదు."

అత్తమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఎన్నో వారాల తర్వాత ఆమె భుజాలు కిందికి దిగడం చూశాను. తప్పులో సగం మోయడానికి ఇంట్లోనే ఒక మనిషి దొరికింది. మొద్దుబారిన ఆ వేళ్ళతో నా చెయ్యి నిమిరింది.

"పోనీలే తల్లీ. ముక్కు లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? నేను నలుగురిలో అంత చెప్పుకోకుండా ఉండాల్సింది."

లోపల పొయ్యి మీద గింజలు అడుగంటడం మొదలైంది. మాడు వాసన సన్నగా, గుమ్మం దాకా ఇంకా రానంత సన్నగా. నాకు తెలుస్తూనే ఉంది. అత్తమ్మ ఇంకో గింజ తీసి వెలుగుకి పెట్టింది. ఆమెకి తెలిసేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.